నాన్న ఎడమచేతి దుంపల వేపుడు

మా ఇంట్లో చాలాకాలం వరకు బంగాళాదుంపల వేపుడంటే ఒక్కటే రకం. అది అమ్మ చేసేది. చెక్కు తీసి, దుంపని నిలువుగా చీల్చి, అడ్డంగా తిప్పి, చిన్నపిల్లల గోరంత ముక్కలు కోసేది. కత్తిపీట మీద ఆమె చేతులు ఎంత వేగంగా కదిలేవంటే ముక్కలు నీళ్ళ గిన్నెలో చినుకుల్లా టపటపా పడేవి. వాటిని పాత పంచె ముక్క మీద ఆరబోసి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు పోపు పెట్టి, మూత వెయ్యకుండా, గరిటెతో ఎక్కువ కెలక్కుండా వేయించేది. ముందే ఉప్పు వేస్తే నీరు వదిలి ముద్దయిపోతుందని దించేముందు కారంతో పాటు చల్లేది. పప్పుచారులోకి ఆ వేపుడుంటే నేను ఎవరూ అడగకుండానే రెండోసారి అన్నం పెట్టించుకునేదాన్ని. అయితే దించిన వేపుడు దించినట్టే తినెయ్యాలి. సముద్రం గాలికి డబ్బాలో ఉప్పే నీరు కారిపోయే ఊరు మాది. పది నిమిషాలు ఆగితే ముక్కలు మెత్తబడిపోయేవి.

అది డెబ్భైల చివరి మాట. రేవు పక్కన పాత పేట అయిన వన్ టౌన్‌లో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో అమ్మ, నాన్న, నేను ఉండేవాళ్ళం. అమ్మానాన్నలది విజయనగరం అవతల ఒకే పల్లె. నాన్న అమ్మకి మేనమామ కొడుకు. అందుకని పెళ్ళయ్యాక కూడా ఆమె ఆయన్ని ‘బావా’ అనే పిలిచేది. పెద్దవాళ్ళంతా వ్యవసాయం చేసుకునేవాళ్ళే. నాన్న ఒక్కడే రంగుల పని నేర్చుకుని పట్నం వచ్చాడు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలకి రంగులు వేసేవాడు. రంగు వేసేవాళ్ళు చాలామందే ఉండేవారు గానీ, పడవ ముక్కుకి రెండు పక్కలా పేరూ నంబరూ రాయడానికి మాత్రం నాన్ననే పిలిచేవారు. స్కేలు పెట్టి కొలిచినా ఆయన అక్షరాల్లో తేడా దొరికేది కాదు. 

నేను అయిదో తరగతిలో ఉండగా, ముసురు పట్టిన ఒక రోజున ఆయన పని నుంచి సైకిలు మీద వస్తున్నాడు. రోడ్డుకి అడ్డంగా పోయే గూడ్సు పట్టాల సందులో ముందు చక్రం ఇరుక్కుంది. సైకిలు ఒక పక్కకి, నాన్న ఒక పక్కకి పడ్డారు. ఒంటి బరువంతా కుడిచేతి మీద పడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. రెండు వేళ్ళు కూడా. ఇద్దరు మనుషులు రిక్షాలో తెచ్చి ఇంటి ముందు దింపేసరికి ఆయన చెయ్యి మోచేతి దాకా తెల్లటి పిండికట్టులో ఉంది. ఏడుస్తున్న నన్ను చూసి నాన్న, “ఏటీ నేదమ్మా, గోడకి సున్నం ఏసినట్టు ఏసినారు, అంతే” అన్నాడు. 

రెండు వారాలు గడిచాక అమ్మ పనికి బయల్దేరింది. మా పక్క వీధిలో ఉన్న ఒక బాలవాడిలో చిన్నపిల్లల్ని చూసుకునే ఆయా కావాలంటే వెళ్ళి చేరింది. పొద్దున్నే అన్నం వండి, పప్పుచారు కాచి, ఎనిమిదింటికల్లా వెళ్ళిపోయేది. కూర చెయ్యడానికి ఆమెకి వ్యవధి ఉండేది కాదు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటేది. నేను పన్నెండింటికి బడి నుంచి అన్నానికి వచ్చి మళ్ళీ వెళ్ళేదాన్ని. పొద్దున్న నాన్న చొక్కా బొత్తాలు నేనే పెట్టి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం వచ్చేసరికి కూడా నాన్న ఆ చొక్కాతో, ఆ కుర్చీలో, అదే చోట కూర్చుని కనిపించేవాడు.  

ఒకరోజు గుమ్మంలోకి వచ్చేసరికి మాడు వాసన. కిరసనాయిలు స్టవ్ ముందు నాన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చెమట, బుగ్గ మీద మసి. మూకుట్లో నిమ్మకాయలంత ముక్కలు, పైన నల్లగా, చీలిన చోట తెల్లగా ఉన్నాయి. 

“నాన్నా, ఏటిది?”

“దుంపల ఏపుడు.”

“అమ్మ సేసినట్టు నేదు.”

“మీ అమ్మకి రెండు సేతులున్నాయి కదా” అన్నాడు. 

దుంపని గోడవారగా పెట్టి, కాలివేళ్ళతో అదిమిపట్టి, ఎడమచేతిలో కత్తితో కోశానని తర్వాత చెప్పాడు. చెక్కు తియ్యడం ఆయన వల్ల కాలేదు. ముక్క నోట్లో పెట్టుకుంటే పైన చేదు, లోపల పచ్చి. అయినా నేను కంచం ఖాళీ చేశాను. ఆకలి వేసి కాదు. ఆయన నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. 

ఆ పూట నేను మళ్ళీ బడికి వెళ్ళలేదు. రెండు దాటాక అమ్మ వచ్చి, మిగిలింది వేసుకుని తింది. నవ్వుతుందేమోనని నాకు భయంగా ఉండింది. ఆమె నవ్వలేదు. నిదానంగా నమిలి, “బావా, తడి ఆరకుండా నూనెలో ఏసేసినావు కదూ?” అంది. 

“ఆరబెట్టాలేటి?”

“ఆరబెట్టాల. మంట కూడా పెద్దది ఎట్టినావు. రేపు సిన్నగా ఎట్టు.”

మర్నాటి నుంచి ఆమె చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో నిలబడి రోజుకి ఒక్క ముక్క చెప్పి వెళ్ళేది. కోసిన వెంటనే నీళ్ళల్లో వెయ్యి, పిండి పోతుంది. నూనెలో ఒక్క ముక్క వేసి చూడు, బుడగలు వస్తేనే మిగతావి వెయ్యి. ముద్దగా అంటుకుంటే గరిటెతో పొడవకు, మూకుడు అంచు పట్టి ఊపు. నాన్న కుర్చీలోంచి తల ఊపేవాడు. రెండు మాటలు ఒకేసారి చెబితే ఆయన గాభరా పడతాడని ఆమెకి తెలుసు. 

చెక్కు తియ్యకుండా చేస్తే రుచి పోతుందని అమ్మ అనలేదు గానీ, పెచ్చులు మూకుట్లో విడిపోయి మాడేవి. పైగా గోడవారగా కోసేటప్పుడు ఒకసారి కత్తి జారి కాలి బొటనవేలికి గీసుకుంది. ఆ ఆదివారం నాన్న అటక మీంచి ఒక చెక్క ముక్క దింపమన్నాడు. పడవ పనిలో మిగిలింది, నీలం రంగు మరకలతో ఉంది. నన్ను మేకు పట్టుకోమని, తను ఎడమచేత్తో సుత్తి దెబ్బలు వేశాడు. మూడు దెబ్బలకి ఒకటి చెక్క మీద పడేది. చివరికి రెండు మేకుల మొనలు అడుగునుంచి పైకి తేలాయి. ఆ మొనల మీద దుంపని గుచ్చితే కదలదు, దొర్లదు. ఎడమచేత్తో చెక్కు గీక్కోవచ్చు, పైనుంచి కిందికి గుండ్రటి చక్రాలు కోసుకోవచ్చు. మొదటి దుంప కోశాక నాన్న ఆ చక్రాలన్నీ చాప మీద వరసగా పేర్చి, ఒక కన్ను మూసి చూశాడు. అక్షరాలు రాశాక ఆయన అలాగే చూసేవాడు. 

మా వీధికి బుట్టలో చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. నేను చేపల పెద్దమ్మ అని పిలిచేదాన్ని. హార్బర్‌లో తెల్లవారుజామున వేలంలో సరుకు కొని, వీధులన్నీ తిరిగి, ఎండ ఎక్కేసరికి మా అరుగు మీద బుట్ట దింపి, నిప్పు చివర నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాల్చుకునేది. ఆవిడ కొడుక్కి బోటు ఉంది. దాని నంబరు నాన్నే రాశాడు, అలా పరిచయం. దసరా సెలవుల్లో ఒకనాడు నేను దుంపలు కోస్తున్న నాన్న పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తుంటే ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూసింది. 

“ఓరి తమ్ముడా! దుంపలకి మేకులు దిగ్గొట్టినావేటి? పారిపోతన్నాయేటి?”

“పారిపోవక్కా, దొర్లుతన్నాయి” అన్నాడు నాన్న. పడ్డాక బయటివాళ్ళతో ఆయన సరదాగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. 

ఆవిడ లోపలికి వచ్చి ఒక చక్రం తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. “ఇది వంజరం సేప ముక్కలాగుంది. దీన్ని మూకుట్లో ఏసి కెలుకుతావేటి? ముక్కలాగే ఏపు. ఉప్పు, పసుపు, కారం, ఇంత అల్లం ఎల్లుల్లి నూరి పట్టించి కూసేపు ఒగ్గీ. పెనం మీద నాలుగు సుక్కలు నూనె సాలు. అడుగు ఎర్రబడీదాకా తిరగెయ్యకు. తొందరపెడితే సేప సిదిగిపోద్ది. దుంపకీ అంతే.”

ఆరోజు ఆవిడే దగ్గర కూర్చుని చూపించింది. పెనం మీద ఎనిమిది చక్రాలు పట్టాయి. నాన్న రెండుసార్లు అట్లకాడ దగ్గరికి చెయ్యి చాపితే, రెండుసార్లూ ఆవిడ ఆ చేతి మీద కొట్టింది. తిరగేసినప్పుడు అడుగు పక్క ఇంటి పెంకులా ఎర్రగా, కారం అంటుకుని గరుగ్గా వచ్చింది. లోపల వెన్నలా ఉంది. నిమ్మకాయ పిండుకుని ముగ్గురం పెనం మీంచే తినేశాం. అమ్మకి రెండు దాచాం. అమ్మ ఆ రెండూ తిని, ఇంకా ఉన్నాయా అని మూత ఎత్తి చూసింది. ఇప్పుడు నా ఇంట్లో ఎవరైనా చెప్పకుండా అన్నానికి వస్తే నేను చేసేది ఈ చక్రాలే. ఇనప పెనం మీదే చేస్తాను. కలిపిన కారం మిగిలితే పారెయ్యను, చారులో కలిపేస్తాను. 

పిండికట్టు విప్పాక అసలు బాధ తెలిసింది. చెయ్యి సన్నగా, తెల్లగా, వేరెవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. పిడికిలి మూసుకోదు. బొటనవేలు చూపుడువేలిని తాకుతుంది గానీ చిటికెనవేలిని తాకదు. పెద్దాసుపత్రిలో డాక్టరు, “వేళ్ళు ఎంత కదిపితే అంత వస్తాయి, వాటికి ఏదో ఒక పని చెప్పండి” అన్నాడట. ఇంటికి రాగానే నాన్న కుంచెలు దింపాడు. రంగు వృథా చెయ్యకుండా, గ్లాసులో నీళ్ళు పెట్టుకుని, వసారా గచ్చు మీద నీళ్ళతో ‘అ’ రాశాడు. గీత వణికింది. మళ్ళీ రాశాడు. మళ్ళీ వణికింది. మూడోది ఆరిపోయేదాకా కూడా ఆగలేదు, పాదంతో తుడిచేశాడు. కుంచెలన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించేశాడు. 

మర్నాడు అమ్మ వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, “ఇంకనించి కుడిసేత్తో కొయ్యి బావా. వొంకరగా ఉన్నా తింటాం” అంది. 

కుడిచేత్తో ఒక దుంప కొయ్యడానికి ఆయనకి అరగంట పట్టేది. కత్తి పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాడు. మధ్యలో ఆపి, వేడినీళ్ళలో చెయ్యి ముంచి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. 

అప్పుడే ఒక ఆదివారం ఉదయం ఆయనతో కలిసి పనిచేసే స్నేహితుడొకడు చూడడానికి వచ్చాడు. రేవులోకి వచ్చే ఓడలకి కూడా రంగులు వేసిన మనిషి. అందరినీ బావా అనే పిలిచేవాడు. వీధిలో సైకిలు బెల్లు వినగానే నాన్న గబుక్కున ముక్కల పళ్ళెం మంచం కిందికి తోసేశాడు. కత్తీ మేకుల చెక్కా మాత్రం అక్కడే ఉండిపోయాయి. స్నేహితుడు లోపలికి వస్తూనే వాటిని చూశాడు. 

“ఏటి బావా, మా సెల్లి ఊరెల్లిందేటి? కూరలు నువ్వు తరుగుతన్నావు?” అని పెద్దగా నవ్వాడు. “అక్కడ మనోళ్ళు అంటంటే నమ్మనేదు నాను. ఆడోళ్ళ పనికి దిగిపోయినాడంతన్నారు.”

నాన్న ముఖం ఎర్రబడింది. తల వంచుకుని కుడిచేతిని పంచె మడతలో దాచుకున్నాడు. దొడ్లో బట్టలు ఉతుకుతున్న అమ్మ తడిచేతులతోనే లోపలికి వచ్చింది. వంగి, మంచం కింద నుంచి పళ్ళెం ఇవతలికి లాగి నడిమధ్య పెట్టింది. 

“దాసడానికి ఇదేమైనా దొంగ సొత్తేటి బావా?” అంది ముందు నాన్నతో. తర్వాత స్నేహితుడి వైపు తిరిగింది. “అన్నియ్యా, డాట్రుబాబు ఏళ్ళకి పని సెప్పమన్నాడు. సెప్పినాం. నాను బయటికెల్తన్నాను, ఈయన వొండుతన్నాడు. ముగ్గురం తింతన్నాం. ఇందులో ఎవుల పని ఎవులు సేసినట్టు? నువ్వు కూడా కూకో. తినేసి ఎల్లి, ఎలగుందో మీవోళ్ళకి సెప్పు.”

గొంతు పెంచలేదు. కానీ ఆమె అలా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. స్నేహితుడు వెనక్కి వెళ్ళి, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి కూర్చున్నాడు. “తప్పైపోనాది బావా” అన్నాడు మెల్లగా. నాన్న చెయ్యి బయటికి తీసి, కత్తి అందుకున్నాడు. 

అన్నం తింటూ ఆ మనిషి కొత్త సంగతి చెప్పాడు. “ఓడలో రంగేసినప్పుడు సూసినాను. ఆ వంటోడు దుంపల్ని పొడుగ్గా, మన బ్రష్షు కాడంత లావున కోత్తాడు. ఒకసారి నూనెలో ఏసి తెల్లగా ఉండగానే తీసేత్తాడు. సల్లారినాక మళ్ళీ ఏత్తాడు. అప్పుడు సూడాల బావా, ఇరిస్తే టక్కుమంతాయి!”

బ్రష్షు కాడంత అనేసరికి నాన్న తల ఎత్తాడు. ఆ కొలత ఆయన చేతికి తెలిసిన కొలత. 

ఆ కాడలు కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట్లో ఒక చివర లావు, ఒక చివర సన్నం వచ్చేవి. నేను ముల్లంగులని వెక్కిరించేదాన్ని. పాత పేపరు మీద వాటిని పక్కపక్కనే పేర్చి, ఏది ఎక్కడ వంకర పోయిందో వేలితో చూపించుకునేవాడు. నూనె ఎక్కువ పడుతుందని అమ్మ ఆదివారాలకే ఒప్పుకుంది. మిగతా రోజుల్లో కోసిన కాడలు పులుసులోకో, వంకాయతో కలిపి కూరలోకో పోయేవి. ఆదివారం మాత్రం రెండుసార్లు వేపడం. మొదటి వాయి తీసి గుడ్డ మీద పరిచాక, చల్లారేదాకా ఆగడం నా వల్ల అయ్యేది కాదు. తెల్లవే నాలుగు నోట్లో వేసుకుని నాలుక కాల్చుకునేదాన్ని. ఎండలు ముదిరేసరికి పేపరు మీద కాడలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు రావడం మొదలుపెట్టాయి. నాన్న చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడని కూడా అప్పుడే గమనించాను. ఎన్నాళ్ళయిందో తెలియదు.

అప్పుడే చేపల పెద్దమ్మ వచ్చింది. కొడుకు బోటు మరమ్మతు పూర్తయిందని, కొత్త రంగు వేశారని, పేరు రాయాలని చెప్పింది. 

“నా వల్ల కాదక్కా. సెయ్యి వొణుకుద్ది. ఇంకెవులి సేతైనా రాయించుకో” అన్నాడు నాన్న. 

“వొణికితే వొణికినాది. నీళ్ళల్లోకి దిగినాక బోటు వొణకదేటి?” అంది ఆవిడ చుట్ట బూడిద రాలుస్తూ. “నువ్వు దుంపలు కోత్తంటే రోజూ సూత్తన్నాను తమ్ముడా. నాకు సదువు రాదు గానీ, సెయ్యి ఎలగుందో తెలీదేటి?”

నాన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడోరోజు పొద్దున్నే కుంచెల మూట దింపమని నన్నే అడిగాడు. సెలవులు కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. వేలం అయిపోయి, ఐసు తునకలు కాళ్ళకింద కరుగుతున్న వేళ. గట్టు మీదికి లాగిన బోటు మా ఇంటికంటే ఎత్తుగా కనిపించింది. నాన్న సుద్ద దారంతో గీత కొట్టి, బోటు పక్కన కట్టిన పలక మీదికి ఎక్కి, కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని మొదటి అక్షరం రాశాడు. మునుపు గంటలో అయ్యే పనికి మధ్యాహ్నం దాకా పట్టింది. సన్నటి గీతలకి చెయ్యి లొంగలేదు. అందుకని అక్షరాలు బాగా లావుగా రాశాడు. కిందికి దిగి చాలాసేపు చూశాడు. 

“ఆ సివర అచ్చరం తోక వొణికింది” అన్నాడు. 

స్నేహితుడు పక్కన బోటుకి రంగు వేస్తున్నాడు. దూరం నుంచి చూసి, “ఏ తోక బావా? నాకేటీ అగుపడతం నేదు” అన్నాడు. 

పెద్దమ్మ నా భుజం పట్టుకుని, ఏం రాశాడో చదవమంది. అది వాళ్ళ ఇలవేల్పు పేరు. నేను చదివాను. ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. తడి ఆరని రంగు మీద వేలు పెట్టి, ఆ వేలు కళ్ళకి అద్దుకుంది. కనురెప్ప మీద తెల్లటి చుక్క పడింది. 

బోటు నీళ్ళలోకి దిగే రోజున ఆవిడ కొడుకు నాన్నని ఒక కోరిక కోరాడు. వారం రోజులు వేటలో ఉంటాం, అక్కడ పొద్దస్తమానం చేపలే తినాలి, వెళ్ళేముందు ఒక్క పూటైనా నీ దుంపలు పెట్టమన్నాడు. నాన్న గట్టు మీద, అందరూ తిరిగే దారిలో, వలలు బాగుచేసే వాళ్ళ పక్కన చాప వేసుకుని కూర్చున్నాడు. ఒక బకెట్టు దుంపలు. వచ్చేపోయే రంగుల వాళ్ళు ఆగి చూశారు. ఎవరో ఏదో అన్నారు కూడా. నాన్న తల ఎత్తకుండానే, “తినీటప్పుడు సెప్పు” అన్నాడు. బోటు వాళ్ళ పొయ్యి మీద, వాళ్ళ పెనం మీదే చక్రాలు వేయించాడు. ఆరుగురికని మొదలుపెడితే ఇరవై మంది తిన్నారు. 

తర్వాత నాన్న మళ్ళీ పనిలో పడ్డాడు. సన్నటి అక్షరాలు మాత్రం ఇక రాలేదు. అలాంటి పని వస్తే కుర్రవాళ్ళకి అప్పజెప్పేవాడు. లావు అక్షరాలు సముద్రంలో దూరానికి కూడా కనిపిస్తాయని కొందరు కావాలనే ఆయన కోసం వచ్చేవారు. అమ్మ బాలవాడి మానలేదు. పొద్దున్న వంట ఆమెది, ఆదివారం వంట ఆయనది. ఎవరూ కూర్చుని పంచుకున్నది కాదు, అలా కుదిరిపోయింది. 

ఎనభైల చివర్లో నాకు భీమునిపట్నంలో ఒక చిన్న బడిలో టీచరుగా పని దొరికింది. గదీ చిన్న వంటగదీ అద్దెకి తీసుకుని ఉన్న మొదటి నెలలో నాన్న బస్సెక్కి చూడడానికి వచ్చాడు. చేతిసంచిలో దుంపలు, పొట్లం కట్టిన కారం. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటి యజమానురాలి దగ్గర కత్తి అరువు తెచ్చుకుని కాడలు కోసి, ఒక వాయి తీసి ఆరబెట్టి ఉంచాడు. ఆ సాయంత్రం నాతో పనిచేసే ఇద్దరు టీచర్లు వస్తే వాళ్ళకీ పెట్టాను. 

“మీ అమ్మగారు పంపించారా? చాలా బాగున్నాయి” అంది వాళ్ళలో ఒకావిడ. 

“మా నాన్న చేశాడండీ” అన్నాను. 

ఆవిడ వంటగది వైపు ఆశ్చర్యంగా చూసింది. నాన్న రెండో వాయి పళ్ళెంలో పోసుకుని బయటికి వచ్చి, “ఇయి ఇంకా బాగుంటాయి, తినండమ్మా” అని వాళ్ళ ముందు పెట్టి, తనూ కూర్చున్నాడు.